మనసు మోసే వెలిని కొలవగలమా?

జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తాము. రక్తంలోని వైరస్‌ను లాబొరేటరీలో లెక్కిస్తారు. మరి హెచ్.ఐ.వి. సోకిన మనిషి లోలోపల మోసే అవమానాన్ని కొలిచేదెలా?

2001లో అమెరికాలో బార్బరా బెర్గర్, మరో ఇద్దరు పరిశోధకులు ఇందుకోసం 40 వాక్యాల కొలమానం ప్రకటించారు. ప్రతి వాక్యానికి 'బొత్తిగా ఒప్పుకోను' మొదలు 'పూర్తిగా ఒప్పుకుంటాను' వరకు నాలుగు జవాబులు, 1 నుండి 4 మార్కులు. మొత్తం 160కి చేరితే భారం అత్యధికమన్నమాట.

మన దేశ పరిస్థితిని చూసి 2008లో వెలువడిన ఒక అధ్యయనం ఈ వెలిని నాలుగు రకాలుగా విడదీసింది: స్వయంగా అనుభవించినది, ఇతరులకు జరిగిందని విన్నది, ఊరంతా ఇలాగే అనుకుంటుందని భావించినది, తనను తానే దోషిగా ఎంచుకున్నది. ఇందులో రెండవదాన్ని గమనించండి. తనను ఎవరూ ఒక్క మాట అనకపోయినా, ఎక్కడో ఎవరినో ఇంట్లోంచి వెళ్లగొట్టారన్న కబురు చాలు, మనిషి నోరు మూసుకుంటాడు. దాచుకున్నకొద్దీ దిగులు పెరుగుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు ఇది బాగా వర్తిస్తుంది. 2016లో జిల్లాలు వేరైనా జనం నోట ఇది పాలమూరే. ముంబై, పుణెలకు వలస వెళ్లిన కూలీ చిక్కిపోయి తిరిగివస్తే, ఏ పరీక్షా జరగకముందే రచ్చబండ తీర్పు చెప్పేస్తుంది! దగ్గరి ఆసుపత్రిలో తెలిసినవారు కనబడతారని తుంగభద్ర దాటి కర్నూలు పోయి మందులు తెచ్చుకునేవాడికి బస్సు ఛార్జీ, ఒకరోజు కూలీ రెండూ పోతాయి. అమెరికా వాక్యాలలో ఈ ఖర్చుకు చోటు లేదు. ఇక్కడి కొలమానంలో ఉండాలని నా అభిప్రాయం.

అడిగే మనిషి ఎవరన్నది అంతకంటె ముఖ్యం. చదువురానివారికి ప్రశ్నలు చదివి వినిపించాలి. అదే వాడకట్టు మనిషి వచ్చి అడిగితే నిజం బయటికి రాదు. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం, రోగి సమ్మతి లేకుండా అతని స్థితిని వెల్లడించరాదంటోంది.

2004 నుండి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది. క్రమంగా వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుండి లైంగికంగా అది ఇతరులకు సోకదు. వైద్యం ఇంత దూరం వచ్చింది.

ఇక మనల్ని కొలిచే ప్రశ్న కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటింటా అడుగుతారు: హెచ్.ఐ.వి. ఉన్న దుకాణదారు దగ్గర తాజా కూరగాయలు కొంటారా? సర్వేవారికి 'కొంటాము' అని చెప్పి, శనివారం సంతలో పక్క గంప దగ్గరికి నడిచేవారిని పట్టే కొలమానం మాత్రం ఇంకా రాలేదు.