పెన్న యిసుక – కడలి యొడ్డు

కొండాపురమువారికి సముద్రతీరముతో నేమి పని యని పాఠకులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఇచట నల్లరేగడి పొలములు, నాపరాతి గుట్టలు తప్ప ఉప్పునీటి జాడ లేదు. అయినను గండ్లూరు కడ చిత్రావతిని కలుపుకొని, గండికోట లోయను చీల్చుకొనిపోవు పెన్న, నంది కొండలు మొదలు దాదాపు 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు చెంత బంగాళాఖాతమున కలియుచున్నది. ఆ నది మోసికొనిపోవు ఇసుకయే అచటి తీరమునకు నేల. కావున తీరరక్షణమను పాఠమును ఏటి యొడ్డుననే ప్రారంభింపవలెనని మా యభిప్రాయము.

సముద్రపు టొడ్డు మన చెరువుకట్ట వలె కదలని గట్టు కాదు. అది నిత్యము జమాఖర్చులు జరుగు ఖాతా వంటిది. నదులు తెచ్చు ఇసుక జమ. అలలు, ప్రవాహములు కొనిపోవునది ఖర్చు. మన తూర్పు తీరమున నైరుతి ఋతుపవన కాలమందు అలలు ఇసుకను ఉత్తరమునకు నెట్టును; ఈశాన్య ఋతుపవన కాలమందు కొంత వెనుకకు తెచ్చును. మొత్తము మీద ఉత్తరపు నడకయే హెచ్చు. ఈ నడకకు ఎచట అడ్డము కట్టినను దక్షిణమున ఇసుక మేట వేయును, ఉత్తరమున తీరము కోసికొనిపోవును. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవులో ద్వారము పూడకుండుటకై రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. అచట చిక్కిన ఇసుకను యంత్రములతో తోడి ఉత్తరపు టొడ్డునకు చేర్చు పద్ధతి నాటినుండియే అవసరమైనది. అలలు చేయవలసిన కూలిపని మనుష్యులపై బడినదన్న మాట!

ఈ ఖాతాలో జమ తగ్గినచో నేమగునో గోదావరి చెప్పుచున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, 1971–79 నడుమ ఏటేట సగటున 15 కోట్ల టన్నులుగా నున్న గోదావరి ఒండ్రు, 1990–98 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయెను. ఎగువ ఆనకట్టలు పట్టి యుంచిన మట్టియే ఈ లోటు. 1976 నుండి 2001 వరకు ఆ డెల్టా ముఖమున చేరిన నేల పోగా కోల్పోయిన నేల 18 చదరపు కిలోమీటర్లకు మించినది.

కాకినాడకు ఉత్తరమున, జాందానీ చీరలకు పేరుగన్న ఉప్పాడను సముద్రము చాలకాలముగా తినుచున్నది. వీధులు, ఇండ్లు, దేవాలయములు ఒకదాని వెంట నొకటి నీటిపాలైనవి. గోదావరి యిసుకతో పెరిగిన హోప్ దీవి కాకినాడ రేవును కాచుచున్నది గాని, ఆ దీవియు, రేవుకట్టలును ఇసుక నడకను మార్చి ఉప్పాడకు కీడు చేసినవని పరిశోధకుల మాట. ఒకరి కవచము మరొకరికి గాయమగుట ఇట్లే. 2010 ప్రాంతమున అచట ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టిరి. తరువాతి తుఫానులకు అది దెబ్బతినెను. బండరాళ్ళు పోసిరి, తుఫాను వచ్చినపుడెల్ల బీచి రోడ్డు మరల తెగుచునే యున్నది. గట్టి గోడను తాకిన అల తన బలమును కోల్పోక, వెనుకకు మరలి గోడ పాదములోని ఇసుకనే తవ్వును. గోడ ముగిసిన చోట పొరుగువారి నేలను కోయును. ఊరు కూలుచున్నపుడు రాళ్ళు వలదని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని రాళ్ళతో పని ముగిసినదనుకొనుట పొరపాటు.

నేల వాలును, నీటి నడకను, మొక్కల స్వభావమును ఎరిగి స్థలమును తీర్చిదిద్దు విద్యకు భూదృశ్య నిర్మాణమని పేరు. అది తోటల సింగారమే యని పలువురి భ్రమ. తీరమున దాని మొదటి పాఠము ఇసుకదిబ్బ. మన ఉర్దూ సహాధ్యాయులు ‘సాహిల్’ అను తీరమునందు అలకెదురుగా ప్రాకు బాలబండి తీగ, రావణాసురుని మీసములను గడ్డి ఎగురు ఇసుకను పట్టి దిబ్బను పెంచును. తుఫాను నాడు ఆ దిబ్బ తాను కరగి ఊరిని కాచును. పిదప మరల పెరుగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత మన తీరమున సరుగుడు తోపులను విరివిగా నాటిరి. గాలిని ఆపుటకు అవి మేలే. కాని దిబ్బ ముందరనే సరుగుడు నాటినచో దిబ్బ సహజమైన తీగలు చచ్చును, తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు చోటు తగ్గును. ముందు తీగ, వెనుక సరుగుడు, ఆ వెనుక తాడి, పిమ్మట ఊరు – ఈ వరుస తప్పరాదు.

నదీముఖములలో ఈ పని మడ అడవులది. కోరంగిలో తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు బురదలో వేళ్ళూని అలను నెమ్మదింపజేయును. నిలిచిన నీటి నుండి ఒండ్రు క్రిందికి దిగును. నరికిన చోట నేల గుంటపడి, పోటునీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకొని మొక్క మొలవదు. మన చౌడు పొలము వంటిదే అదియు. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, తీరగ్రామస్థులును కలిసి అచట చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్విరి: నడుమ పెద్ద కాలువ, ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు వచ్చి, పాటుతో మరలిపోయి, ఉప్పు కడుగుకొనిపోయెను. నాటిన మడ నిలిచెను. ఇంతటి పనికి పారలు, నేల వాలు తెలిసిన కన్నులు చాలినవి. నెదర్లాండ్సువారు 2011లో హేగ్ నగర సమీపమున 2 కోట్ల 15 లక్షల ఘనమీటర్ల ఇసుకను ఒకేచోట పోసి, పంచు పనిని అలలకే వదలిరి. వారి ధనము మనకు లేదు.

మనకు పెన్న కలదు. కాని చిత్రావతి యిసుకను పార్నపల్లె జలాశయము ఆపును, మిగిలినది 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయమున దిగును. ఆ దిగువ మైలవరము, సోమశిల. నిలిచిన నీటిలో బరువైన ఇసుక మొదట దిగునది నది జలాశయమున ప్రవేశించు చోటనే, అనగా మన కొండాపురపు వెనుకజలములయందే. ఆ నీటికై మన మండలములో పలు గ్రామములు ఖాళీ యైనవి. తాళ్ళప్రొద్దుటూరు 2020లో మునిగెను. నీరు మిన్న యని మనమెరుగుదుము, ఆనకట్టలు వలదనము. అయితే జలాశయపు తల యందు మేటవేసిన ఇసుకను కొలుచుటకును, వరద వేళ కొంతయైన దిగువకు పంపు ఉపాయము వెదకుటకును, సోమశిల క్రింద పెన్న గర్భమును తవ్వువారిని నిలువరించుటకును మూల్యము మరీ పెద్దది కాదు.

వెనుకజలముల అంచున నీరు పెరిగి తగ్గినపుడెల్ల గట్టు ఉప్పాడ గట్టు వలెనే పెల్లలుగా విరుగును. ఆ అంచున వట్టివేరు, తుంగ, వెనుక కానుగలను ఒక వర్షాకాలము నాటి, గట్టు ఎంత విరిగినదో గుర్తుకర్రలతో కొలిచి వ్రాసికొనుట మన వృక్షశాస్త్ర, భూగోళ విద్యార్థులకు సాధ్యమైన పని. ఆ కొలతల పుస్తకమును రాబోవు తరగతులవారికి అప్పగింపవచ్చును.