అమ్మ చేతి మీద బిళ్ళ

మా అమ్మకి 78 ఏళ్ళు. ఆరేళ్ళుగా ఇన్సులిన్ వాడుతోంది. పొద్దున, రాత్రి భోజనానికి ముందు వేలికి సూది గుచ్చుకుని అంకె పుస్తకంలో రాసుకునేది. 190 ఉంటే మర్నాడు అన్నం ఒక గరిటె తగ్గించేది. ఇన్సులిన్ మాత్రం తగ్గించేది కాదు. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు.

కిందటేడు న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చినప్పుడు, డాక్టరు సలహాతో చేతికి సీజీఎం అంటించాం. పాత రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది. అడుగున వెంట్రుకంత తీగ చర్మం కింద ఉండి, కణాల మధ్య ద్రవంలో గ్లూకోజుని కొలిచి, కొద్ది నిమిషాలకోసారి ఫోనుకి పంపుతుంది. రకాన్ని బట్టి పది, పదిహేను రోజులకి మార్చాలి.

మూడో రాత్రి రెండున్నరకి నా ఫోను గోల పెట్టింది. 54! వెళ్ళి చూస్తే అమ్మ చెమటతో తడిసి, మాట తడబడుతోంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటలో తేరుకుంది. ఇలాంటి రాత్రులు అంతకు ముందు ఎన్ని గడిచాయో! రోజుకి రెండు సూదులకి అవి ఎలా దొరుకుతాయి?

డాక్టరు ఇన్సులిన్ తగ్గించారు. వయసు మళ్ళినవాళ్ళకి ఎక్కువకన్నా తక్కువే భయం. పడిపోతే తుంటి విరుగుతుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళకి పెట్టిన లక్ష్యం వేరు: సగం సమయమైనా 70-180 మధ్య ఉంటే చాలు, 70 కిందకి మాత్రం ఒక శాతం కూడా, అంటే రోజుకి పావుగంట కూడా, పోకూడదు.

ఇంకో రాత్రి 52 అని మోగింది. లేపితే అమ్మ విసుక్కుంది. వేలి నెత్తురులో 118. బిళ్ళ ఉన్న చేతి మీదే పడుకుందన్నమాట! ఒత్తిడికి అంకె దొంగగా తగ్గుతుంది. అంకె ఒకటి, ఒళ్ళు ఒకటి చెబితే సూదే సాక్షి.

ఇన్సులిన్ వాడే మెడికేర్ వారికి 2023 నుంచి దీనికి అర్హత ఉంది. విజిటర్ వీసా వాళ్ళకి చేతి డబ్బే. 2024 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్న స్టెలో లాంటివి ఇన్సులిన్ వాడేవారికి కావు, చవకని కొనకండి.

అమ్మ ఇప్పుడు గుంటూరులో ఉంది. అంకెలు నాకూ వస్తాయి. అక్కడ రాత్రి రెండైతే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, చలికాలమైతే మూడున్నర. ఆ వేళకి నేను మెలకువగానే ఉంటాను కదా!