స్లీపింగ్ ప్యాడ్ కొంటున్నారా? మందం కాదు, ఆర్-వాల్యూ చూడండి!

గత డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో లంబసింగి క్యాంపింగ్‌కి వెళ్లాను. స్లీపింగ్ బ్యాగ్ మంచిదే కొన్నాను. కిందకి నాలుగు అంగుళాల ఎయిర్ బెడ్. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసింది. ఛాతీ దగ్గర వెచ్చగానే ఉంది, వీపు మాత్రం ఐసు మీద పెట్టినట్టు! పక్కన మా ఫ్రెండ్ సన్నటి ఫోమ్ మ్యాట్ మీద హాయిగా గురక పెడుతున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఇంటికొచ్చాక చదివితే అర్థమైంది.

చలి ఎందుకు వేసింది?

బ్యాగ్‌లో వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దాని మధ్య ఇరుక్కున్న గాలి. మనం పడుకోగానే కింది భాగం అణిగిపోయి ఆ గాలి పోతుంది. ఇక వీపు వేడి నేరుగా నేలలోకే. మరి నా ఎయిర్ బెడ్‌లోనూ గాలే ఉంది కదా? ఉంది, కానీ అది లోపల తిరుగుతూ పై వేడిని కిందకి మోసుకెళ్తుంది. ఫోమ్‌లో గాలి చిన్న చిన్న గదుల్లో బందీ, కదల్లేదు. పల్లెల్లో వరిగడ్డి పరిచి పడుకునేది కూడా ఇందుకే.

ఆర్-వాల్యూ అంటే?

వేడిని ప్యాడ్ ఎంత ఆపుతుందో చెప్పే నంబర్ ఇది. ఫోన్‌లో వేపర్ చాంబర్ వేడిని బయటకి పంపాలి, ప్యాడ్ దానికి రివర్స్‌లో పని చేయాలి. ఆర్ 2 నుంచి 4కి మారితే నేలలోకి పోయే వేడి దాదాపు సగమవుతుంది. 4 నుంచి 6కి మారితే మాత్రం తగ్గేది మూడో వంతే. అందుకే అవసరానికి మించి డబ్బు పెట్టక్కర్లేదు.

ఏది తీసుకోవాలి?

• ఎండాకాలం, మైదాన ప్రాంతం: 1 నుంచి 2
• శీతాకాలంలో అరకు, లంబసింగి: 3 నుంచి 4
• హిమాలయాల్లో మంచు మీద: 5 పైన

ఉదాహరణకి థర్మారెస్ట్‌లో జీ లైట్ సోల్ ఫోమ్ ప్యాడ్‌ది 2.0, గాలి నింపే నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్‌ఎక్స్‌టీది 4.5. రెండోది కూడా గాలిదే, కానీ లోపల అరలు, వేడిని వెనక్కి కొట్టే పొరలు ఉంటాయి.

బడ్జెట్ తక్కువా? సిరీస్‌లో రెసిస్టర్లు గుర్తున్నాయిగా! రెండు ప్యాడ్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కూడుకుంటాయి. కింద ఫోమ్ వేస్తే రాళ్లు గుచ్చుకుని పైది పంక్చర్ అయ్యే భయమూ తగ్గుతుంది.

కొనేముందు స్పెసిఫికేషన్లలో "ఏఎస్‌టీఎం ఎఫ్3340" ఉందేమో చూడండి. అందరూ ఒకే పద్ధతిలో కొలిస్తేనే రెండు కంపెనీల నంబర్లు పోల్చగలం. ఆర్-వాల్యూనే రాయకుండా "సూపర్ వార్మ్" అని మాత్రమే రాశారా? నేను కొన్నది అలాంటిదే, మీరు కొనకండి.

ఈసారి లంబసింగికి బ్యాగ్ పాతదే తీసుకెళ్తున్నా. మార్చింది కింద వేసేది మాత్రమే.