ఇల్లంతా రెనోవేషన్‌లో ఉంటే దేవుడి దీపం ఎక్కడ పెట్టాలి? బాలాలయం నేర్పే పాఠం

ఈ వారం వీడియోలో గుళ్ళలో కట్టే బాలాలయం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక మా ఇంటి సంగతి అందులో చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది మా ఫ్లాట్‌లో రెనోవేషన్ చేయించాం. పాత బిల్డింగ్, మా బాత్రూమ్ నుంచి కింద వాళ్ళ ఇంట్లోకి నీళ్ళు కారుతున్నాయి. ఒకవైపు ఈఎమ్ఐ కడుతూ ఇంకో ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేదు. అందుకే అక్కడే ఉంటూ పని చేయించాం. నెలలో అయిపోతుందన్న కాంట్రాక్టర్ మూడు నెలలు తీసుకున్నాడు.

మూడో రోజు పూజ గది వంతు వచ్చింది. నేను పటాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది, టేప్ వేసి, మంచం కిందకి తోసేశాను. "పని అయ్యాక మళ్ళీ గ్రాండ్‌గా పెట్టుకుందాంలే" అన్నారు నాన్న. నాన్నమ్మని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఆవిడ దీపం పెట్టనిదే టిఫిన్ తినదు. షుగర్ మాత్ర మాత్రం టైమ్‌కి వేసేసుకుంటుంది. మర్నాడు పదకొండింటికి కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నేను అదే గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాను, చూసుకోలేదు. అమ్మే వచ్చి పంచదార నీళ్ళు తాగించింది. కాస్త తేరుకున్నాక నాన్నమ్మ ఒక్కటే అడిగింది: "ఏరా, స్వామిని ఏ పెట్టెలో పెట్టావు?"

నాకు గుర్తు లేదు. పెట్టెల మీద ఏమీ రాయలేదు కూడా.

గుళ్ళలో ఏం చేస్తారు?

గర్భాలయంలో పని మొదలుపెట్టాలంటే ముందుగా మూలమూర్తిలోని దేవతా కళను శాస్త్రోక్తంగా కలశంలోకి ఆవాహన చేస్తారు. దీన్ని కళాకర్షణ అంటారు. తాత్కాలికంగా ఏర్పాటు చేసిన చిన్న ఆలయమే బాలాలయం. పని జరిగినన్నాళ్ళూ నిత్యపూజలు అక్కడే. పని పూర్తయ్యాక కళను తిరిగి మూలమూర్తిలోకి చేర్చి సంప్రోక్షణ చేస్తారు.

తిరుమలలో వైఖానస ఆగమం ప్రకారం పన్నెండేళ్ళకోసారి బాలాలయ మహాసంప్రోక్షణ జరుగుతుంది. 2018 ఆగస్టులో అలా జరిగింది. యాదగిరిగుట్టలో ఆలయ పునర్నిర్మాణం కోసం 2016లో బాలాలయం ఏర్పాటు చేశారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ అయ్యేదాకా, అంటే దాదాపు ఆరేళ్ళు, భక్తులకు దర్శనం బాలాలయంలోనే. అన్నేళ్ళు పని జరిగినా పూజకి సెలవు లేదు.

నాన్నమ్మ ఆ రోజుల్లో గుట్టకి వెళ్ళొచ్చింది. ఆ సాయంత్రం మాతో అంది: "స్వామే ఆరేళ్ళు చిన్న గుళ్ళో సర్దుకున్నాడు. మనకి ఒక స్టూలు చాలదా నాయనా?"

సర్వర్ మార్చేటప్పుడు సర్వీస్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదని ఆఫీసులో నెల ముందే ప్లాన్ వేస్తాను. ఇంటి విషయంలో ఆ ఆలోచనే రాలేదు. ఆ రాత్రి పెట్టెలన్నీ విప్పి స్వామి పటం వెతికి తీశాను.

మేం చేసింది, మీరు చేయగలిగింది

1. పని మొదలవకముందే చోటు చూసుకోండి. అన్నిటికన్నా చివర్లో పని జరిగే గదిలో ఒక మూల చాలు. ఒక పటం, ఒక దీపం, పంచపాత్ర, అగ్గిపెట్టె. మిగతా పటాలు శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఏ పెట్టెలో ఏముందో పైన రాయండి. ఇంట్లో పటాలు జరపడం కళాకర్షణ కాదు, దానికి పెద్ద తంతు అక్కర్లేదు. సాలగ్రామం, బాణలింగం లాంటివి ఉంటే మాత్రం మీ పురోహితుణ్ణి అడిగి జరపండి.

2. పనివాళ్ళు రాకముందే పూజ ముగించండి. పెయింట్, పాలిష్ పనులు జరిగే రోజుల్లో దీపం వద్దు, అగరొత్తులూ వద్దు. థిన్నర్ ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో ఒక పువ్వు, కాసిని నీళ్ళు చాలు. మనసులోనే అన్నీ సమర్పించే మానసపూజ మన సంప్రదాయంలో ఉన్నదే. ఆది శంకరుల పేరు మీద శివమానసపూజా స్తోత్రం కూడా ఉంది.

3. పెద్దవాళ్ళకి ముందుగా చెప్పండి, అడగండి. ఏ రోజు ఏ గదిలో పనో మేం కాగితం మీద రాసి గోడకి అంటించాం. టైల్స్, రాళ్ళు కోసేటప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చేటు. నీళ్ళు పోస్తూ, వీలైతే ఇంటి బయట కోయమనండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డ పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ళు పూజ కోసం తిండి ఆలస్యం చేయకూడదు. మాత్రలకీ తిండికీ టైమ్ డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. మా నాన్నమ్మ డాక్టర్ మాట విన్నాక దీపం ఆరున్నరకి మార్చుకుంది, ఏడింటికల్లా టిఫిన్.

4. పనివాళ్ళని బాగా చూసుకోండి. మంచినీళ్ళు, టీ, చెప్పిన రోజుకి డబ్బులు. మన ఇంట్లో నెలల తరబడి కష్టపడే వాళ్ళని కసురుకుంటూ పక్క గదిలో పూజ చేస్తే ఏం లాభం?

5. ముహూర్తం కోసం పనిని తొందరపెట్టకండి. బాత్రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్ళు నిలబెట్టి కనీసం ఒక రోజు చూడాలి. సిమెంట్ ప్లాస్టరింగ్‌ని వారం రోజులైనా తడపాలి. సత్యనారాయణ వ్రతానికి నాన్న పెట్టిన తేదీకి పని తెమలదని మేస్త్రీ చెప్పాడు. నాన్న కాసేపు విసుక్కుని, వ్రతాన్ని ఇంకో పౌర్ణమికి మార్చారు. బాత్రూమ్ మళ్ళీ కారలేదు.

మూడు నెలలూ మా ఇంట్లో దేవుడు నా బెడ్‌రూమ్ కిటికీ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీదే ఉన్నాడు. రోజూ పొద్దున్నే నాన్నమ్మ తలుపు తట్టేది. నేను లేచి పక్క సర్దేసరికి దీపం వెలిగేది. ఎనిమిదింటికి లేచే నేను అలా ఆరింటికి లేవడం మొదలుపెట్టాను.

పూజ గది తయారయ్యాక పటాలన్నీ మళ్ళీ అందులోకి వెళ్ళాయి. స్టూలు పారేద్దామంటే నాన్నమ్మ ఒప్పుకోలేదు. దాన్ని కడిగి, పూజ గదిలో పూలబుట్ట పెట్టుకోవడానికి ఉంచుకుంది.

మీ ఇంట్లోనూ పని మొదలవబోతుంటే కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: "దీపం ఎక్కడ పెట్టుకుందాం?"

శుభం.