బిడ్డ బరువు – కార్డులోని గీత చెప్పే సంగతి

పసిబిడ్డ ఎదుగుతున్నాడా లేదా అంటే మనం రూపం చూసి చెబుతాం. బొద్దుగా ఉంటే బాగున్నాడంటాం. సన్నగా ఉంటే వాళ్ళ నాన్న పోలిక అంటాం, లేదా దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తాం. ఎదుగుదలను తెలిపేది బరువు. అదీ ఒక్కనాటి బరువు కాదు, నెలనెలా అది మారే తీరు.

పుట్టినప్పుడు 2.5 కిలోల లోపు ఉంటే తక్కువ బరువు కింద లెక్క. మొదటి వారంలో కొంత తగ్గడం సహజమే. రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి రావాలి. సుమారు 5, 6 నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే కనుక అప్పుడు కంగారు పడనక్కరలేదు.

అంగన్‌వాడీలో తూచిన బరువును కార్డులోని పటం మీద చుక్కగా పెట్టి, చుక్కలను గీతతో కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలే దీనికి ఆధారం. ఇద్దరు ఆడపిల్లలను ఊహించుకుందాం. ఒక పాప ఆరో నెలలో 5.8 కిలోలు, పదో నెలలో 6.8 కిలోలు. రెండో పాప ఆరో నెలలో 7 కిలోలు, పదో నెలలో 7.2 కిలోలు. చూపుకు రెండో పాపే బలంగా ఉంటుంది, ఆమె చుక్క ఆకుపచ్చ భాగంలోనే ఉంటుంది. కానీ మొదటి పాప గీత పైకి పోతోంది, రెండో పాప గీత పడుకుంది. ముందు ఆరా తీయవలసింది రెండో పాప గురించే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ బరువు లేనివారు తెలంగాణలో 31.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.6 శాతం. అంటే పదిమందిలో ముగ్గురు. వాళ్ళు ఎక్కువగా మనలాంటి ఇళ్ళ పిల్లలే.

గీత పడుకుంటే నింద ముందుగా తల్లి మీద పడుతుంది. అది అన్యాయం. బాలింత నెలల వ్యవధిలోనే కూలికి పోతే బిడ్డకు మధ్యాహ్నం పాలెక్కడివి? ఆ లోటును నీళ్ళు కలిపిన డబ్బాపాలతో పూడుస్తారు. కడుపు నిండుతుంది, బరువు పెరగదు. ఆరు నెలలు నిండాక పెట్టే జావ కూడా అంతే. చెంచా వంచితే నీళ్ళలా కారిపోకూడదు. పప్పన్నం మెత్తగా మెదిపి ఒక చెంచా నూనో నెయ్యో కలపాలి. బిడ్డ పొట్ట చిన్నది కనుక తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం నెలకు రెండున్నర కిలోలు ఒక్క బిడ్డ కోసమే. ఇంట్లో పిల్లలందరూ పంచుకుంటే వారంలో అయిపోతుంది. పెద్దపిల్లలకు ఆకలి లేదని ఎవరనగలరు?

తిండి బాగానే పెడుతున్నా పెరగకపోతే కారణం వేరు. మాటిమాటికీ విరేచనాలు, తగ్గని దగ్గు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం చూడాలి. పాలు తాగుతూ ఆయాసపడి, నుదుట చెమట పట్టి, మధ్యలో ఆపేసే బిడ్డకు గుండె జబ్బు ఉండవచ్చు. డాక్టరుకు చూపించాలి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడిందంటే ఆ బొద్దుతనం వాపు. ఆలస్యం చేయరాదు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకు భుజానికీ మోచేతికీ మధ్య టేపుతో కొలుస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర లోపం. అలాంటి పిల్లల్లో ఆకలి మందగించినవారిని, వాపో ఇతర జబ్బో ఉన్నవారిని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. అక్కడ తల్లి కూడా సుమారు రెండు వారాలు బిడ్డతో ఉండాలి. కూలి పోతుంది, మిగతా పిల్లలను చూసేవారుండరు. చాలామంది తల్లులు వెళ్ళకుండా ఆగిపోయేది ఇక్కడే. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అక్కదో వదినదో కార్డు తీసి చూద్దాం. ఆమె బిడ్డతో కేంద్రానికి వెళ్ళవలసి వస్తే, ఆ రెండు వారాలు పొయ్యి దగ్గర మనం ఉందాం.