మహానగరం పక్కన ఏటి ఒడ్డు పట్టణం

భూగోళశాస్త్రంలో 'ఉపనగరం' అన్న మాట చదువుకుంటాం. పొద్దున్నే మనుషుల్ని నగరానికి పనికి పంపి, రాత్రికి నిద్రకు రప్పించుకునే ఊరని దాని భావం. విశాఖపట్నానికీ అనకాపల్లికీ నడుమనున్న సబ్బవరం మాది. అందుచేత ఈ మాట నాకు పుస్తకంలో కంటే మా రోడ్డు మీదనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇటువంటి ఊరు తన బతుకు తాను బతకగలదా, లేక నగరానికి వసారాగా మిగిలిపోవలసిందేనా? విద్యార్థి మిత్రులతో ఈ ప్రశ్నే విచారించదలచాను.

ముందుగా జపానులోని ఒక ఊరిని చూద్దాం. టోక్యోకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, ఎదో నది ఒడ్డున, నగరేయమ అనే పట్టణం ఉంది. పేరులో 'నగర' వినిపించినా అది మన నగరం కాదు. 'నగరే' అంటే ప్రవాహం, 'యమ' అంటే కొండ. పూర్వం ఆ ఊరికి పేరు తెచ్చింది 'మిరిన్' అనే తియ్యని పాకద్రవం. బంక బియ్యంతో చేసి, పడవల్లో నది మీదుగా రాజధానికి పంపేవారు. నేటికీ అది అక్కడ తయారవుతున్నది. 2005లో టోక్యో నుంచి కొత్త రైలుమార్గం వచ్చింది. ప్రయాణం అరగంట లోపే. అప్పటికి లక్షన్నర ఉన్న జనాభా నేడు 2 లక్షలు దాటింది.

రైలు వస్తే జనం రావడంలో వింత లేదు. వింతల్లా ఆ పురపాలక సంఘం చేసిన పనిలో ఉంది. తల్లిదండ్రులు పొద్దున్న పిల్లల్ని స్టేషను దగ్గరి కేంద్రంలో దించి రైలెక్కుతారు. అక్కణ్ణుంచి బస్సులు పిల్లల్ని ఊళ్లోని శిశుపాఠశాలలకు చేర్చి, సాయంత్రం మళ్లీ తెచ్చి అప్పగిస్తాయి. చిన్న ఏర్పాటే గాని, పడుచు కుటుంబాలు ఆ ఊరిని కోరుకోవడానికి అదొక కారణమైంది.

ఇప్పుడు మన అనకాపల్లి సంగతి. విశాఖకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం, శారదానది ఒడ్డు. ఇక్కడా తీపే పేరు తెచ్చింది. గానుగాడిన రసాన్ని పెనంలో కాచి, సున్నం వేసి మడ్డి తీసి, పాకం ముదిరాక పోసిన బెల్లం దిమ్మలు ఒరిస్సా, బెంగాలు దాకా వెళ్తాయి. 1913లో ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం నెలకొన్నది. '87ఎ298' వంటి చెరకు రకాల పేర్లలోని 'ఎ' అక్షరం అనకాపల్లిదే. పట్టణానికి కూతవేటు దూరంలోని శంకరం వద్ద బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు, రాతి స్తూపాలు ఉన్నాయి. 'సంఘారామం' అన్న మాటే శంకరమైందని పండితులు చెబుతారు. అంటే విశాఖ మహానగరం కాకముందే ఇది పేరున్న చోటు.

2013లో అనకాపల్లి విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. అంటే ఒకే ఊరు ఒక లెక్కలో నగరానికి వార్డు, మరో లెక్కలో జిల్లాకు రాజధాని! శారద మీది రైవాడ జలాశయం నీరు విశాఖకు తాగునీరుగా పోతున్నది. ఆ నీరు ఆయకట్టుకే ఇవ్వాలని రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడింది. కూలి పెరిగి, ధర నిలవక, చెరకు తోటలు తగ్గుతున్నాయి. మా సబ్బవరం మీదుగా అనకాపల్లి - ఆనందపురం ఆరు వరుసల రహదారి పడ్డాక పొలాల్లో గట్లు పోయి ప్లాట్ల రాళ్లు లేచాయి. 2008లో స్థాపించిన న్యాయ విశ్వవిద్యాలయం మా ఊళ్లోనే ఉండటం మాత్రం మాకు గర్వకారణం.

రెండు ఊళ్లకూ నది ఉంది, తీపి ఉంది, పక్కన మహానగరం ఉంది. తేడా ఎక్కడంటే, నగరం నుంచి వచ్చే జనానికి ఏం కావాలో నగరేయమ ముందే ఆలోచించుకుంది. పాత మిరిన్‌నూ వదులుకోలేదు. మన దగ్గర రోడ్డు ముందు వచ్చింది, ఆలోచన ఇంకా రావలసి ఉంది. నగరానికి నీళ్లూ నేలా ఇచ్చే ఊరు బదులుగా ఏం అడగాలి? చెరకు రైతుకు గిట్టుబాటు ధర, బెల్లానికి మంచి నిల్వ సదుపాయం, ఏటికి శుభ్రమైన నీరు, ఉదయం బస్సెక్కే తల్లికి పిల్లను అప్పగించే చోటు. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు. పట్టా పుచ్చుకుని ఊరికి తిరిగి వెళ్లబోయే మనమే వీటిని అడగడం మొదలుపెట్టాలి.