కంటి వైద్యమంటే ఒక్క ఎంబీబీఎస్సేనా?

కోల్‌కతాలో స్థిరపడ్డ ఒక తెలుగాయన మొన్న ఫోన్ చేశారు. "అమ్మాయి కంటి డాక్టర్ కావాలండీ. సీటు రాకపోతే మళ్లీ నీట్ లాంగ్ టర్మ్ కోచింగే." ఇప్పటికే రెండేళ్లు అయిపోయాయట. పక్కనే ఉన్న ఆ పిల్ల నోరు విప్పలేదు. అందుకే నాకు బాధేసింది.

ఆయనకు కంటి వైద్యంలో ఒక మూల గురించి చెప్పాను. క్యాన్సర్ వల్లో దెబ్బ తగిలో కన్ను తీసేస్తే, ఆ గుంతలో సుమారు 20 మిల్లీమీటర్ల బంతి పెట్టి, పైన పొరలు కప్పి కుడతారు. దాని మీద అక్రిలిక్ పెంకు తొడుగుతారు. మనం గాజుకన్ను అనేది ఆ పెంకునే. కొందరికి పొర పలచబడి చిరిగి లోపలి బంతి బయటపడుతుంది, పుసులు కడతాయి. చిన్న చిల్లయితే మందులతో మానొచ్చు. పెద్దదైతే కణత దగ్గరి పొరో, పెదవి లోపలి పొరో తెచ్చి అతుకు వేయాలి. చీము లోపలికి దిగితే బంతినే తీసేయాల్సి రావచ్చు.

ఈ ఆపరేషన్ చేసేది ఆక్యులోప్లాస్టీ సర్జన్. ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్, ఆపైన ఫెలోషిప్. ఆ దారికి వాళ్ల కోల్‌కతాలోనే, 1835 నాటి మెడికల్ కాలేజీ ఆవరణలో, ప్రాంతీయ నేత్ర వైద్య సంస్థ ఉంది.

కానీ పెంకు సరిగా కూర్చోక రాపిడి పెడితే, ఎంత బాగా వేసిన అతుకైనా మళ్లీ చెడొచ్చు. ఆ పెంకు చేసేవారు ఆక్యులరిస్టులు. ఒకసారి వారి బల్ల పక్కన కూర్చున్నాను. గుంత అచ్చు తీసి, మైనంతో రూపు దిద్ది, రోగి రెండో కంటిని చూస్తూ నల్లగుడ్డు రంగులు సన్నటి కుంచెతో వేస్తున్నారు. తెల్లగుడ్డు మీద రక్తనాళాల కోసం ఎర్ర దారపు పోగులు ఒక్కొక్కటే అతికిస్తున్నారు.

ఈ పని దంతవైద్యుల్లో కొందరికీ వచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి గాజుకళ్లు రావడం ఆగిపోతే, అమెరికాలో అక్రిలిక్ కన్ను తయారుచేసిన వారిలో సైనిక దంతవైద్యులు ఉన్నారు. కోల్‌కతాలో 1920లో మొదలైన ఆర్. అహ్మద్ డెంటల్ కాలేజీ దేశంలోనే మొదటిది. బీడీఎస్ తర్వాత ప్రోస్థోడాంటిక్స్‌లో (కట్టుడు పళ్ల విభాగం) ఎండీఎస్ చేస్తే ఈ దారిలోకి రావచ్చు. దానికీ నీట్ కావాలి, నిజమే.

నీట్‌తో విసిగిన పిల్లలకు నేను ముందు చెప్పేది ఆప్టోమెట్రీ. ఇంటర్ బైపీసీతో చదవొచ్చు; ఎన్నేళ్లో, ప్రవేశ పరీక్ష ఏదో చేరే ముందు కాలేజీని అడగండి. కళ్లజోళ్లు, కాంటాక్ట్ లెన్సులతో బతుకుతెరువు దొరుకుతుంది. చేతిపని మీద మనసుంటే తర్వాత ఆక్యులరిస్ట్ దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రీ చదువూ ఉంది, కృత్రిమ కళ్లు చేసే విభాగమూ ఉంది.

ఆక్యులరిస్ట్ ఉద్యోగాలు బోలెడున్నాయని మాత్రం చెప్పను. పెద్ద ఆసుపత్రుల్లోనే, అవీ కొన్నే. అందుకే ఆర్నెల్ల కోర్సు, వంద శాతం ఉద్యోగం అని బోర్డు కనిపిస్తే డబ్బు కట్టకండి. ఏ ఆసుపత్రిలో నేర్పుతారు, రోజుకు ఎందరు రోగులొస్తారు, పెంకు పిల్ల చేతే చేయిస్తారా అని అడగండి. పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి. లాంగ్ టర్మ్‌కు మూడో ఏడాది ఫీజు కట్టేముందు, అమ్మాయిని ఒక్కరోజు కంటి ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ పిల్లనే మాట్లాడనివ్వండి.